అపూర్వాంగ్లపదముల యర్థమును గ్రహించుట

మా విద్యార్థులలోఁ బలువురు నిఘంటువును ముందిడుకొని, దినమునకుఁ బదేసి క్రొత్త యాంగ్లపదములను వ్రాసి, వాని కెదుట నొక్కొక్క తెలుఁగుమాటను జేర్చి, వల్లె వేయుచుందురు. ఈ శ్రమను మేము నిందింపము. కాని మాటకు మాటను జోడించినంతమాత్రమున నర్థము చేతఁ జిక్కదు. ఒక్కొక్కప్పు డపార్థమే చిక్కును.

'ఎగ్రీజియస్' అను పదమును జూతము. లాటిను భాషలో 'గ్రెక్స్' అనఁగా మంద. మందనుండి వేఱుగా నిలిచినది యని యీ పదమునకు మూలార్థము. మనము దేవాలయమున నిత్యము వినెడి 'కాంగ్రిగేషన్' అను మాటయు నా మూలమునుండి పుట్టినదే. పదునాఱవ శతాబ్దమున 'ఎగ్రీజియస్' అనఁగా శ్రేష్ఠుఁడనియే మెప్పు. వ్యంగ్యముగా వాడఁగా వాడఁగాఁ గాఁబోలు, నేఁ డది కంటఁబడునంతటి ఘోరమైన తప్పునకే చెల్లుచున్నది. మూలార్థమును మాత్రమే నేర్చిన బాలుఁడు, ఉద్యోగమునకై వ్రాయు విన్నపములోఁ దన గురువుగారిని 'ఎగ్రీజియస్' అని పొగడెనేని, ఉద్యోగమును బోవును, గురువుగారి దయయుఁ బోవును! మన 'ఛాందసుఁడు' అను మాటకును నిట్టి గతియే పట్టినది. ఛందస్సును, అనఁగా వేదమును, ఎఱిఁగినవాఁ డని తొల్లిటి యర్థము. ఇప్పుడో, లోకజ్ఞానము లేని పాతకాలపువాఁడు.

కొన్ని పదములకు ధాతువును వెదకిన లాభము లేదు, కథ తెలియవలెను. 'సెరెండిపిటీ' అను పదమును 1754వ సంవత్సరమున హోరేస్ వాల్పోల్ అను నాంగ్లేయుఁ డొక లేఖలోఁ గల్పించెను. సెరెండిప్ అనునది సింహళద్వీపమునకుఁ బూర్వనామము. ఆ దేశపు రాజకుమారులు మువ్వురు, తాము వెదకని సంగతులను గొంత దైవికముగాను, గొంత తెలివిచేతను గనుఁగొనుచుండి రని కథ. 'అదృష్టము' అని వ్రాసికొన్నవాఁడు తెలివిపాలు విడిచినవాఁడు.

'డిఫెనెస్ట్రేషన్' అనఁగా మనిషిని గిటికీనుండి వెలుపలికిఁ ద్రోయుట. 1618వ సంవత్సరమున ప్రేగునగరపుఁ గోటలో నట్లు త్రోయఁబడినవారు చావలేదు గాని, ముప్పదియేండ్ల యుద్ధమునకు నదియే నాంది. ఈ పదమును మఱచిన బాలుని మేమింకను జూడలేదు.

కావున బాలురు పుస్తకములో మాటయర్థమునే గాక, తాము చదివిన వాక్య మొకటి పూర్తిగా వ్రాసికొని, అందు మెప్పున్నదో నిందయున్నదో ప్రక్కన గుర్తింపవలెను. ఇంటిలో నింగ్లీషు రాని తలిదండ్రులును సహాయపడఁగలరు. 'బ్యాండికూట్' అనునది మన పందికొక్కే. ఆ పేరు సముద్రము దాఁటి, ఆస్ట్రేలియాలో వేఱొక జంతువున కంటుకొన్నది. ఈ యొక్కపదమున కర్థము చెప్పుటకు వారికి నిఘంటువు నక్కఱలేదు.