మెకానికల్ చదివి.. ఎంజైములతో నోబెల్!

ఎంజైమ్ అనగానే ‘అది బైపీసీ వాళ్ల గొడవ, మనకెందుకులే’ అనుకుంటున్నారా? ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 1979లో ప్రిన్స్‌టన్‌లో చదివింది మెకానికల్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్. 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నది మాత్రం ఎంజైముల మీద చేసిన పనికి!

ఆవిడ పద్ధతి కోడింగ్ వచ్చినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో అక్కడక్కడా మార్పులు చేస్తారు. ఆ జన్యువుల్ని బ్యాక్టీరియాలో పెట్టి రకరకాల ఎంజైములు పుట్టిస్తారు. బాగా పనిచేసినదాన్ని ఏరి, దానికి మళ్లీ మార్పులు. అచ్చం లూపే!

షుగర్ మాత్ర సిటాగ్లిప్టిన్ తయారీలో ఒక దశకి ఖరీదైన రోడియం లోహం, అధిక పీడనంలో హైడ్రోజన్ వాడేవారు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీలు ఇలా మలిచిన ఎంజైమ్‌తో ఆ రెండూ అక్కర్లేకుండా పోయాయి. 2010లో ‘సైన్స్’ జర్నల్‌లో ఆ వివరాలు వచ్చాయి.

ఏ మార్పుకి ఏ ఫలితం వచ్చిందో చూసి, తర్వాతి మార్పును అంచనా వేయడానికి ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ వాడుతున్నారు. సీఎస్‌ఈ వాళ్లకి దారి ఇక్కడే. కాకపోతే బయోకెమిస్ట్రీ బేసిక్స్ తప్పవు. బయోటెక్ వాళ్లు గేట్‌లో బీటీ పేపర్‌కి ప్రిపేరవుతూనే పైథాన్ కూడా మొదలుపెట్టండి. ప్రొటీన్ డేటా బ్యాంక్ ఉచితమే. ఈ ఆదివారం అందులో ఒక ఎంజైమ్ నిర్మాణాన్ని తెరిచి, అటూ ఇటూ తిప్పి చూడండి.