ఒక యంత్రము, రెండు వ్యవస్థలు: ఆరంభమున కలుగు చిక్కులు

బళ్ళారియందలి బ్రూస్‌పేటలో ఇంట తెలుగును, వీధిలో కన్నడమును వినబడుట వింత కాదు. ఈ రెండు భాషల కాపురము ఇప్పుడు ఇంటి కంప్యూటరునకును ప్రాకినది. కర్ణాటక కార్యాలయములకు కన్నడమున పత్రములు వ్రాయుటకు 'నుడి' అను సాధనము వాడుకలో నున్నది. అది విండోసుపై నడచును. పిల్లల తెలుగు పనులకో, పాతబడిన యంత్రమును మరి నాలుగేండ్లు నడపుకొనుటకో దాని ప్రక్కన లినక్సును నెలకొల్పువారు కలరు. హైదరాబాదునందలి 'స్వేచ్ఛ' సంస్థవారు లినక్సును తెలుగు మొగముతో తీర్చియిచ్చిరి. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10నకు సాధారణ మద్దతు ముగిసిన పిదప పాత యంత్రములు గలవారికి ఈ మార్గము మరింత ఆలోచింపదగినదైనది.

ఇట్టి యంత్రము ఒకనాడు మీట నొక్కగనే తిన్నగా విండోసులోనికి పోవును. లినక్సు జాడయే యుండదు. లేదా నల్లని తెరపై 'గ్రబ్ రెస్క్యూ' అను రెండు మాటలు నిలిచిపోవును. మరమ్మతు దుకాణమున 'అంతయు పోయినది, ఫార్మాటు చేయవలసినదే' యను తీర్పు వెంటనే లభించును. పెక్కు సందర్భములలో ఈ తీర్పు తప్పు. పోయినది ఇల్లు కాదు, ద్వారపాలకుడు మాత్రమే.

ఇది తెలియుటకు యంత్రము మేల్కొను క్రమము నెరుగవలెను. పాత యంత్రములలో బయాసు అను మూలసాధనము డిస్కునందలి మొదటి 512 బైట్లను చదువును. అందు 446 బైట్లు దారి చూపు ఆజ్ఞలు. 64 బైట్లు డిస్కు ఏ ఏ భాగములుగా విభక్తమైనదో తెలుపు పట్టిక. కడపటి రెండు బైట్లు ముద్ర. లినక్సును నెలకొల్పినప్పుడు ఆ ఆజ్ఞల స్థానమున 'గ్రబ్' అను కార్యక్రమము చేరి, ఏ వ్యవస్థ కావలెనని అడుగును. తరువాత విండోసును తిరిగి నెలకొల్పినచో అది అడుగక యే ఆ 446 బైట్లలో తన ఆజ్ఞలను వ్రాసికొనును. పట్టికయు, లినక్సు భాగమును చెక్కుచెదరవు. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును చెందినప్పుడు గీత మారినదే కాని ఇండ్లు కదలలేదు గదా! డిస్కు సంగతియు అట్టిదే.

కావున చికిత్సయు స్వల్పమే. యూఎస్‌బీ పుల్లనుండి లినక్సును నడిపి, డిస్కునందలి లినక్సు భాగమును తెరచి, గ్రబ్‌ను మరల స్థాపింపవలెను. దానిని మొత్తము డిస్కునకు స్థాపింపవలెను గాని అందలి ఒక భాగమునకు కాదు; ఇచ్చటనే పలువురు పొరబడుదురు. విండోసును ముందు, లినక్సును వెనుక నెలకొల్పుట మేలని పెద్దలు చెప్పుటకు కారణమిదియే.

క్రొత్త యంత్రములలో బయాసునకు బదులు యూఈఎఫ్ఐ కలదు. ఇందు డిస్కుపై ప్రత్యేకముగా ఒక చిన్న భాగముండును. ప్రతి వ్యవస్థయు అందు తన సంచిలో తన ఆరంభ కార్యక్రమమును దాచుకొనును. ఎవరిని ముందు పిలువవలెనను వరుస యంత్రముయొక్క స్మృతిలో నుండును. కనుక లినక్సు కానరానప్పుడు మొదట చేయవలసినది ఆ వరుసను చూచుట. యంత్రము మేల్కొనునప్పుడు ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ మొదలగు మీటలలో ఒకదానిని (తయారీదారునిబట్టి మారును) నొక్కిన ఆ జాబితా తెరచుకొనును. లినక్సు పేరు అందున్నచో దానిని ముందునకు జరుపుటతో పని తీరును. ఒక వ్యవస్థను పాత పద్ధతిలోను, రెండవదానిని క్రొత్త పద్ధతిలోను నెలకొల్పినచో మాత్రము గ్రబ్ జాబితానుండి ఒకటి రెండవదానిని పిలువజాలదు.

దీనికి విపర్యయమును కలదు: లినక్సు వచ్చును, విండోసు జాబితాలో నుండదు. 2021లో వెలువడిన గ్రబ్ 2.06 మొదలుకొని ఇతర వ్యవస్థలను వెదకు పని సహజముగా ఆపివేయబడినది. గ్రబ్ అమరికలలో ఆ వెదకుటను అనుమతించి, జాబితాను తిరిగి వ్రాయింపవలెను. విండోసు ఎచ్చటికిని పోలేదు.

నిజముగా నష్టము కలుగు చోటు వేరు. విండోసు లినక్సు భాగమును చదువజాలదు. అందుచేత ఒక్కొక్కప్పుడు 'ఈ డిస్కును ఫార్మాటు చేయుదునా?' యని అడుగును. ఖాళీ స్థలమనుకొని 'సరే' యన్నవాని యింట పిల్లల వ్యాసములు, పెండ్లి ఛాయాచిత్రములు, భూమి పత్రముల నకళ్లు ఒక్క నొక్కుతో పోవును. 'గ్రబ్ రెస్క్యూ' యను మాట కానవచ్చుటకు తరచైన కారణములలో లినక్సు భాగమును ఇట్లు తొలగించుట ఒకటి. అట్లు జరిగిన పిమ్మట డిస్కుపై మరేమియు వ్రాయకుండుట ముఖ్యము. వ్రాయనంతవరకు తిరిగి రాబట్టు అవకాశము కొంత యుండును.

2012లో వచ్చిన విండోసు 8 నుండి 'శీఘ్రారంభ' మను సౌకర్యమొకటి చేరినది. యంత్రము ఆగినట్లే యుండును గాని విండోసు సగము నిద్రలో నుండును. అప్పుడు లినక్సునుండి విండోసు భాగమును తెరచిన చదువనిచ్చును, వ్రాయనీయదు. రెండు వ్యవస్థలుగల యంత్రమున దీనిని ఆపివేయుటయే మంచిది. గడియారము ఐదున్నర గంటలు వెనుకబడుటయు రోగము కాదు: లినక్సు యంత్రపు గడియారమున గ్రీనిచ్ కాలము నుంచగా, విండోసు దానినే భారత కాలమని చదువును.

2024 ఆగస్టునందు మైక్రోసాఫ్టువారు పంపిన రక్షణ సవరణ పాత గ్రబ్‌లను నమ్మదగనివిగా నిరాకరించినందున, ఇట్టి యంత్రములు పలుచోట్ల లినక్సును మేల్కొలుపుట మానినవి. 'సెక్యూర్ బూట్' అను కావలిని కొంతసేపు ఆపి, లినక్సును నవీకరించి, తిరిగి కావలి పెట్టుట నాటి ఉపాయము. కాని బిట్‌లాకరు తాళము వేసిన యంత్రమున కావలిని కదిలించినచో విండోసు 48 అంకెల తాళపు సంఖ్య నడుగవచ్చును. ఆ సంఖ్యను ముందుగానే కాగితముపై వ్రాసి ఇంటి పత్రములతో భద్రపరచి, తరువాతనే మీటలపై చేయి వేయవలెను.