మెడ ముందు నొప్పి: థైరాయిడ్ వాపు

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి నుంచి అమీర్‌పేట కూడలి దాకా రక్తపరీక్షా కేంద్రాలకు కొదవ లేదు గనుక, ఈ ప్రాంతంలో థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం కష్టమేమీ కాదు. చిక్కంతా ఆ ఫలితాల కాగితంలోని అంకెలను రోగి బాధతో కలిపి చదవడంలోనే ఉంది.

మామూలు థైరాయిడ్ జబ్బుల్లో మెడ నొప్పి పుట్టదు. జలుబో గొంతునొప్పో తగ్గిన కొన్ని వారాలకు మెడ ముందు భాగం ముట్టుకుంటేనే ఓర్చుకోలేనంత సలుపు మొదలై, గుటక వేసినప్పుడల్లా దవడకూ చెవికీ పాకుతూ, జ్వరం, నీరసం, గుండెదడ తోడైతే, దానిని సబ్ అక్యూట్ థైరాయిడైటిస్‌గా, అంటే వైరస్ జ్వరం వెనకే వచ్చే థైరాయిడ్ వాపుగా అనుమానించాలి. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ ద క్వెర్వాన్ 1904లో దీనిని వివరించినందున ఆయన పేరుతోనూ పిలుస్తారు. నడివయసు స్త్రీలలో ఎక్కువగా కనిపించే ఈ జబ్బును పంటినొప్పిగానో చెవిపోటుగానో పొరబడి యాంటీబయాటిక్స్ మింగేవారు ఉన్నారు. ఇది బాక్టీరియా వల్ల వచ్చేది కాదు గనుక వాటితో ప్రయోజనం లేదు.

గుట్టు విప్పడంలో చవకైన ఈఎస్ఆర్ పరీక్ష ఎంతో తోడ్పడుతుంది. సన్నని గాజు గొట్టంలో నిలబెట్టిన రక్తంలో ఎర్రకణాలు గంటసేపట్లో ఎంత కిందికి దిగాయో మిల్లీమీటర్లలో కొలవడమే ఈ పరీక్ష. సాధారణంగా 20 లోపే ఉండే ఈ అంకె ఈ జబ్బులో తరచు 50 దాటుతుంది, కొందరిలో 100నూ మించుతుంది. అదే సమయంలో థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్ తగ్గి, థైరాయిడ్ హార్మోన్లు పెరిగి ఉంటాయి. ఇక్కడే పొరపాటుకు తావుంది: గ్రంథి అతిగా పనిచేయడం వల్ల కాక, దెబ్బతిన్న కణజాలం నుంచి నిల్వ హార్మోన్ రక్తంలోకి కారిపోవడం వల్ల ఆ పెరుగుదల కలుగుతుంది గనుక, హార్మోన్ తయారీని ఆపే కార్బిమజోల్ మాత్రలు దీనికి పనిచేయవు. అనుమానం మిగిలితే అణువైద్య విభాగంలో తీసే స్కాన్ తేల్చి చెబుతుంది. ఈ వాపులో గ్రంథి స్కాన్ మందును దాదాపు పీల్చుకోదు.

నొప్పి మాత్రలతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. తగ్గకపోతే వైద్యుని పర్యవేక్షణలో ప్రెడ్నిసొలోన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లోనే సలుపు చల్లబడుతుంది, కానీ దానిని ఒక్కసారిగా మానితే నొప్పి తిరగబెట్టవచ్చు గనుక మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. గుండెదడకు ప్రొప్రనొలాల్ సరిపోతుంది. మెడపై చర్మం ఎర్రబడి, చలిజ్వరం తీవ్రమైతే మాత్రం చీము పట్టిందేమోనని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి పోయాక కొన్ని నెలలు హార్మోన్ తగ్గిపోయే దశ రావచ్చు, కొద్దిమందిలో అది శాశ్వతమవుతుంది. అందుచేత మెడ నొప్పి పూర్తిగా పోయినా, వైద్యుడు చెప్పిన గడువులో టీఎస్‌హెచ్ పరీక్షను మళ్లీ చేయించుకోవాలి.