పడమటి మండలాల పాత బంగళాలు, తోటలు: వసంతంలో ఒక చుట్టు తిరిగొస్తే మన చేనుకు ఏం తెచ్చుకోవచ్చు?



మామూలుగా మనం పొలం చూడ్డానికి ఇంకో రైతు పొలానికే పోతాం. ఈసారి కొంచెం మార్చి, పాత బంగళాలు, పాత తోటలు చూసి రండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారిలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఉగాదికి ముందు నెలన్నర మంచి సమయం. కానగ పాతాకు రాల్చి లేతాకు వేస్తుంటుంది, వేప పూతకొస్తుంది, మామిడి పిందె కడుతుంది, చింతకాయ దులిపే పని నడుస్తుంటుంది. ఏ చెట్టు నేలకు ఎంత ఆకు ఇస్తుందో కళ్లారా కనపడేది ఈ నెలన్నరలోనే.

ఇది వానకు ఎదురుచూసే మెట్ట నేల. ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూఇటూగా పడుతుంది. వెయ్యి అడుగులు దింపినా బోరులో నీళ్లు పడని ఊళ్లు ఉన్నాయి. అలాంటి చోటే నూరేళ్ల నాటి ఆవరణలో చెట్టు నిలబడింది, గోడ అవతల చేనేమో మార్చికే బీటలిచ్చింది. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న జేబులో పెట్టుకుని తిరగండి.

మదనపల్లె: నీడ కోసం నాటిన చెట్లు

బిసెంట్ థియోసాఫికల్ కళాశాలను 1915లో అనిబిసెంట్ స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో, అంటే సరిగ్గా ఈ వసంత కాలంలోనే, రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికొచ్చి కొన్నాళ్లున్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే, ఫిబ్రవరి 28న. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసి పెట్టారు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది.

ఊరికి కాస్త బయట ఆరోగ్యవరం. క్షయకు మందుల్లేని 1910ల్లో డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ ఇక్కడ శానిటోరియం నడిపారు. అప్పట్లో వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. చెట్టు నీడ, చల్లగాలి ఇక్కడ అలంకారం కాదు, వైద్యంలో భాగం. మన పశువుకూ, మొక్కకూ, మట్టిలోని సూక్ష్మజీవికీ మే నెల ఎండలో కావాల్సింది ఆ నీడే కదా.

ఇలాంటి ఏ ఆవరణకెళ్లినా ముందు కొమ్మల్ని కాదు, చెట్టు మొదలు చూడండి. ఎక్కడ ఆకు ఊడ్చి కాల్చేస్తున్నారో అక్కడ నేల సిమెంటులా ఉంటుంది. ఎక్కడ రాలిన ఆకు రాలినట్టే వదిలేశారో అక్కడ పైపొర తీసి చెయ్యి పెట్టండి, చల్లగా తగులుతుంది. ఆచ్ఛాదన గురించి గంటసేపు చెప్పే పాఠం అర నిమిషంలో అర్థమైపోతుంది.

హార్స్‌లీ హిల్స్: ఒక చెట్టు వేరు, తోపు వేరు

అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు నాలుగు వేల అడుగులకు పైనే. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవి విడిదికి ఇక్కడ బంగళా కట్టుకున్నాడు, ఆయన పేరే కొండకు పడింది. 1859లో నాటిన ‘కల్యాణి’ అనే నీలగిరి చెట్టుకు 1995లో మహావృక్ష పురస్కారం వచ్చింది. తప్పకుండా చూడండి. కానీ చూసొచ్చి గట్టు మీద నీలగిరి పెట్టకండి. కొండ మీద, చల్లటి చోట ఒంటి చెట్టు అది. కింద మెట్ట చేలల్లో వరసలుగా వేస్తే పక్క పైరుకు నీళ్లు మిగలవు. బంగళా తోట నుంచి తెచ్చుకోవాల్సింది చెట్టు పేరు కాదు, పద్ధతి. పైన చింత, మామిడి, మధ్యన జామ, సీతాఫలం, కింద కరివేపాకు, పందిరికి తీగ. మనం ఈరోజు ఐదంచెల సాగు అంటున్నది పాత పెరళ్లలో పేరు లేకుండానే ఉంది.

రిషి వ్యాలీ: కొండ మీద వాన కొండ మీదే

1920ల్లో కృష్ణమూర్తి బడి కోసం ఎంచుకున్న లోయ ఇది. ఇక్కడి పెద్ద మర్రిని చూసే ఈ చోటు ఎంచుకున్నారని చెబుతారు. చుట్టూ బోడి కొండలు, కరువు నేల. ఏళ్ల తరబడి చెట్లు నాటారు, వాననీటికి అడ్డుకట్టలు వేసి ఇంకించారు, మేతను అదుపు చేశారు. పక్షులొచ్చాయి. 1991లో దీన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణాది రాతి గుట్టల్లో మాత్రమే ఉండే పసుపు గొంతు పికిలిపిట్ట ఇక్కడ కనపడుతుంది. పక్షి వచ్చిందంటే పురుగును తినేవాళ్లు వచ్చినట్టే. ఇది నడుస్తున్న బడి కాబట్టి ముందుగా అనుమతి అడిగి వెళ్లండి.

పుంగనూరు: పెరటికి ఆవు కలపడం

మదనపల్లె నుంచి దక్షిణంగా వస్తే పుంగనూరు. ఊళ్లో జమీందార్ల పాత ప్యాలెస్ ఉంది. కానీ ఈ ఊరి పేరును దేశమంతా తిప్పింది మేడ కాదు, ఆవు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, తక్కువ మేత, ఎండను తట్టుకునే ఒళ్లు. ఒకప్పుడు అంతరించిపోతుందనుకున్న ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన స్థానం కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక మోజు ఇంకా పెరిగింది. ఇప్పుడు లక్షల్లో బేరం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జీవామృతం కోసం పుంగనూరు ఆవే ఉండాలని అప్పు చేయకండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మట్టి గుప్పెడు. ఇందుకు ఇంట్లో ఉన్న ఏ నాటు ఆవైనా చాలు. పాత ఇళ్లల్లో పశువుల కొట్టం, దిబ్బ, పెరడు పక్కపక్కనే ఎందుకుండేవో ఆలోచించండి. కసువు ఇల్లు దాటి బయటికి పోయేది కాదు.

కుప్పం: పాతికేళ్లు చాలు

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. ఇక్కడ చూడాల్సింది పాత తోట కాదు, కొత్తది. గుడివంక దగ్గర అగస్త్య ఫౌండేషన్ ఆవరణ 172 ఎకరాలు. ఈ శతాబ్దం మొదట్లో అది రాళ్లు తేలిన బీడు. వాననీటిని ఆపి, స్థానిక చెట్లు పెంచి, నేలను మేపకుండా, కాల్చకుండా వదిలితే ఇప్పుడు అడవిలా ఉంది. అందుకే ఈ యాత్రను కుప్పంలో ముగించమంటున్నాం. మదనపల్లెలో నూరేళ్ల చెట్లు చూసి ‘మన తరంలో అయ్యే పనేనా’ అనిపిస్తుంది. కుప్పంలో ఆ అనుమానం తీరిపోతుంది.

ఇంకో నిజం కూడా మాట్లాడుకోవాలి. దొరకూ, జమీందారుకూ తోటమాలి ఉన్నాడు. బడికీ, సంస్థకూ నిధులున్నాయి. ఆ తోట పంట అమ్మితేనే పొయ్యి వెలగాలన్న బాధ వాళ్లకు లేదు. టమాట ధర పడిపోతే పెట్టుబడి కూడా రాని రైతుకు ఉంది. అందుకని చేనంతా ఒకేసారి మార్చమని చెప్పం. గట్టుతో, పది సెంట్లతో మొదలుపెట్టండి.

ఈ ఉగాదికి మూడు పనులు

ఒకటి: ఆకు, కసువు, పంట మోళ్లు ఏదీ కాల్చొద్దు. రాలిన చింతాకు, కానగాకు చెట్టు మొదట్లోనే ఉంచండి.

రెండు: గట్ల మీద కానగ, గ్లిరిసిడియా, మునగ కొమ్మలో విత్తనాలో సిద్ధం చేసుకుని తొలకరికి నాటండి. వాలుకు అడ్డంగా చిన్న కాలువ తీసి చేలో పడ్డ వాన చేలోనే ఇంకేలా చూడండి.

మూడు: ఏప్రిల్, మే నెలల్లో నేలను ఖాళీగా ఉంచకండి. నవధాన్యాల విత్తనాలకు బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టించి ఉండలు చేసి, ఘనజీవామృతంతో చల్లి, పైన గడ్డీగాదం కప్పండి. ఒక్క చినుకుకే మొలకొస్తుంది.

వెళ్లేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. పై వీడియోలో ఈ దారంతా చూపించాం గానీ, ఆకు కింద మట్టి చల్లదనం వీడియోలో తెలియదు. చెయ్యి పెట్టి చూడాల్సిందే.