దయ్యాల్ని తరిమే పూజారి: డీ అండ్ డీలో క్లెరిక్‌ని మొదటి లెవెల్ నుంచి కడదాం

ఈ ఎపిసోడ్ మొత్తం డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకే ఒక్క క్యారెక్టర్ గురించి. చచ్చినా చావని వాటి వెంటపడే పూజారి. గేమ్‌లో వీటిని అన్‌డెడ్ అంటారు. అస్థిపంజరాలు, జాంబీలు, నీడలు, ఘూల్‌లు, వాంపైర్లు అన్నీ ఆ గుంపే. ఈ ఎపిసోడ్ వరకు మనం దయ్యాలు అనేసుకుందాం.

మా టేబుల్ మూసాపేటలో. శనివారం సాయంత్రం సగం మంది హైటెక్ సిటీలో బ్లూ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి వస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అన్నా, నాకు దయ్యాల్ని వేటాడే పంతులు కావాలి." అడిగేటప్పుడే వాళ్ళ కళ్ళల్లో పెద్ద కత్తి, భగ్గుమనే మంట కనిపిస్తుంటాయి. మంటలు కావాలంటే విజర్డ్ ఉన్నాడు కదా. ఈ పూజారి అసలు బలం ఆపడంలో ఉంది. మీదికొచ్చే దయ్యాన్ని ఆపుతాడు. శవం దయ్యంగా లేవకుండా ఆపుతాడు. దయ్యం పేరు చెప్పి బతికున్న మనిషిని కొట్టబోయేవాళ్ళని కూడా ఆపుతాడు. ఈ మూడింటికీ రూల్స్‌లోనే పనిముట్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

పుస్తకం కొనక్కర్లేదు

నేను చెప్పేది ఐదో ఎడిషన్, 2014 రూల్స్. వీటి మూల రూల్స్ పత్రం, ఎస్‌ఆర్‌డీ 5.1 అంటారు, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలారు. పీడీఎఫ్ ఫ్రీగా ఫోన్‌లో దించుకోవచ్చు. అందులో క్లెరిక్‌కి లైఫ్ డొమైన్ ఒక్కటే ఉంటుంది. మన పనికి అది చాలు. అందుకే ఈ బిల్డ్ మొత్తం ఆ ఫ్రీ పత్రంలోని సరుకుతోనే కడుతున్నా.

అసలు క్లెరిక్ పుట్టిందే దీనికి

ఇది చాలామందికి తెలియదు. డీ అండ్ డీ మొదటిసారి అచ్చయింది 1974లో, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ పేర్లతో. అంతకుముందే ఆర్నెసన్ అమెరికాలోని మిన్నెసోటాలో బ్లాక్‌మూర్ అనే ఆట నడిపేవాడు. ఆ టేబుల్‌లో ఒక ప్లేయర్ క్యారెక్టర్ వాంపైర్ అయిపోయింది. పేరు సర్ ఫ్యాంగ్. ఆపేవాడు లేక మిగతావాళ్ళకి ఆట కష్టమైపోయింది. దాన్ని సరిచేయడానికి ఇంకో క్యారెక్టర్‌ని తెచ్చారు: మైక్ కార్ ఆడిన బిషప్ కార్. డ్రాకులా సినిమాల్లో వాన్ హెల్సింగ్ ఉంటాడు చూడండి, ఆ టైపు. ఈ రోజు మనం క్లెరిక్ అని పిలిచే క్లాస్‌కి మొలక అక్కడే పడింది. అంటే మీరు అడుగుతున్న దయ్యాల పూజారి ఈ క్లాస్‌కి అతికించిన కొత్త స్టైల్ కాదు. మొట్టమొదటి క్లెరిక్కే అతను.

షీట్ నింపుదాం

జాతి: హిల్ డ్వార్ఫ్. కాన్‌స్టిట్యూషన్‌కి 2, విజ్డమ్‌కి 1 కలుస్తాయి. స్టాండర్డ్ నంబర్లు 15, 14, 13, 12, 10, 8 కదా. విజ్డమ్‌లో 15 పెడితే 16 అవుతుంది. కాన్‌స్టిట్యూషన్‌లో 14 పెడితే అదీ 16. స్ట్రెంగ్త్ 13, కరిష్మా 12, డెక్స్‌టెరిటీ 10, ఇంటెలిజెన్స్ 8.

స్ట్రెంగ్త్‌కి 13 ఎందుకు, స్పెల్స్ వేసేవాడికి కండలెందుకు అని అడుగుతారు. నీడ అనే దయ్యం ఉంది, గేమ్‌లో షాడో. అది తాకిన ప్రతిసారీ మీ స్ట్రెంగ్త్ 1 నుంచి 4 దాకా తగ్గిపోతుంది. సున్నాకి వస్తే చావే. హెచ్‌పీ ఎంత మిగిలినా లెక్కలేదు. స్ట్రెంగ్త్ 8 ఉన్నవాడు దురదృష్టం బాగోకపోతే రెండు దెబ్బలకే పోతాడు. 13 ఉంటే కనీసం నాలుగు దెబ్బలు పడాలి. కాన్‌స్టిట్యూషన్ కథ కూడా ఇదే. ఘూల్ గోళ్ళు తగిలితే శరీరం కొయ్యబారిపోకుండా కాపాడేది అదే. స్పెల్ మీద మనసు నిలిపి ఉంచేదీ అదే.

లైఫ్ డొమైన్ వల్ల బరువైన కవచం వాడొచ్చు. చెయిన్ మెయిల్‌కి 16, డాలుకి 2, మొత్తం ఏసీ 18. మొదటి లెవెల్‌లో హెచ్‌పీ 12. ఆయుధం వార్‌హ్యామర్, డ్వార్ఫ్‌లకి అది ఎలాగూ వస్తుంది. కత్తి వద్దు, సుత్తే తీసుకోండి. ఎందుకంటే అస్థిపంజరాలకి మొద్దు దెబ్బ రెండింతలు తగులుతుంది. దాని హెచ్‌పీ 13. సుత్తి దెబ్బ 7 పడితే 14 అవుతుంది, ఒక్క దెబ్బకి ఎముకలు కుప్పే.

మొదటి ఆపడం: మీదికొచ్చేదాన్ని

రెండో లెవెల్‌లో టర్న్ అన్‌డెడ్ వస్తుంది. మీ దేవుడి గుర్తు పైకెత్తి మంత్రం చదివితే, 30 అడుగుల లోపు మిమ్మల్ని చూసే లేదా వినే ప్రతి దయ్యమూ విజ్డమ్ సేవ్ వేయాలి. మీ డీసీ ఎంత? 8కి ప్రొఫిషియెన్సీ 2, విజ్డమ్ 3 కలిపితే 13. అస్థిపంజరానికి విజ్డమ్ మైనస్ 1. డీ20 మీద 14 లేదా ఆ పైన పడితేనే తట్టుకుంటుంది. అంటే నూటికి 65 సార్లు పారిపోతుంది. నాలుగు వస్తే రెండో మూడో వెనక్కి తిరుగుతాయి. నిమిషం పాటు, అంటే పది రౌండ్లు, మీ దరిదాపుల్లోకి రావు.

ఇక్కడొక మెలిక ఉంది. పారిపోయేదానికి ఒక్క దెబ్బ తగిలినా మంత్రం తెగిపోతుంది, మళ్ళీ మీదికొస్తుంది. మన ఫైటర్ ఫ్రెండ్ ఊరుకోడు కదా, పారిపోయేదాన్ని వెంటపడి కొడతాడు. కాబట్టి ఆట మొదలవ్వకముందే టీమ్‌కి ఒక మాట చెప్పండి: "నేను తరిమినదాన్ని ముట్టుకోకండి. నిలబడిన వాటిని ముందు కానిచ్చేయండి." ఈ ఒక్క మాటతో సగం ఫైట్లు సులువైపోతాయి.

జాంబీలది ఇంకో రకం మొండితనం. హెచ్‌పీ సున్నా అయినా లేచే ఛాన్స్ ఉంది. ఆఖరి దెబ్బ డ్యామేజ్‌కి 5 కలిపి, అంత డీసీకి కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తుంది. మీ ఆఖరి దెబ్బ 6 అనుకోండి, డీసీ 11. జాంబీకి ప్లస్ 3 ఉంది. నూటికి 65 సార్లు మళ్ళీ లేచి కూర్చుంటుంది! అదే ఆఖరి దెబ్బ క్రిటికల్ అయితే, లేదా రేడియెంట్ డ్యామేజ్, అంటే దైవకాంతి దెబ్బ అయితే ఈ సేవే ఉండదు. పడితే పడినట్టే. అందుకే సేక్రెడ్ ఫ్లేమ్ అనే చిన్న మంత్రం తప్పకుండా తీసుకోండి. ఎన్నిసార్లయినా వేయొచ్చు, జాంబీకి నూటికి 70 సార్లు తగులుతుంది. మిగతావాళ్ళు కొట్టి కొట్టి అలసగొడతారు, ఆఖరి దీపం మీరు పెడతారు.

ఐదో లెవెల్‌కి వస్తే తరిమే పని కూడా తగ్గుతుంది. డిస్ట్రాయ్ అన్‌డెడ్ వస్తుంది. ఛాలెంజ్ రేటింగ్ అర లేదా అంతకన్నా తక్కువ ఉన్నవి సేవ్ తప్పితే అక్కడికక్కడే నాశనం. అస్థిపంజరం, జాంబీ, నీడ మూడూ ఆ లోపే. మీ టేబుల్ 2024 కొత్త రూల్స్ ఆడుతుంటే దీని బదులు సియర్ అన్‌డెడ్ ఉంటుంది. విజ్డమ్ మాడిఫయర్ ఎంతో అన్ని ఎనిమిది ముఖాల డైస్ వేసి ఆ డ్యామేజ్ ఇస్తారు.

సరే, డీఎం దయ్యాలే పెట్టకపోతే? నెలంతా గోబ్లిన్‌లే వస్తే? లైఫ్ డొమైన్ తీసుకున్నది అందుకే. బ్లెస్, క్యూర్ వూండ్స్ ఎప్పుడూ రెడీగా ఉంటాయి. మూడో లెవెల్‌లో స్పిరిచ్యువల్ వెపన్ ఉచితంగా లిస్ట్‌లో చేరుతుంది. ఐదులో స్పిరిట్ గార్డియన్స్ తీసుకోండి. చుట్టూ 15 అడుగుల్లోకి వచ్చిన శత్రువు గోబ్లిన్ అయినా ఘూల్ అయినా సేవ్ తప్పితే మూడు ఎనిమిది ముఖాల డైస్ దెబ్బ, తట్టుకున్నా అందులో సగం తినాల్సిందే.

రెండో ఆపడం: లేవకముందే

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మూడో లెవెల్‌లో జెంటిల్ రిపోజ్ అనే స్పెల్ దొరుకుతుంది. చాలామంది దాన్ని చూసి స్క్రోల్ చేసేస్తారు. శవం మీద చిటికెడు ఉప్పు, రెండు కళ్ళ మీద రెండు రాగి నాణేలు పెట్టి చదవాలి. పది రోజులు ఆ శవం కుళ్ళదు, దయ్యంగా లేవదు. రిచువల్‌గా చేస్తే స్పెల్ స్లాట్ కూడా ఖర్చు కాదు, కాకపోతే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మనవాళ్ళకి ఇది విదేశీ మంత్రంలా అనిపించదు. నుదుటి మీద రూపాయి బిళ్ళ పెట్టడం, పదో రోజు కర్మ చేయడం చూస్తూ పెరిగాం. పోయినవాళ్ళకి చేయాల్సింది సరిగ్గా చేస్తే వాళ్ళు ప్రశాంతంగా వెళ్తారు, చేయకపోతే తిరిగొస్తారు అన్న ఊహ మన దయ్యాల కథల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. దాని చుట్టూ మీ పూజారిని కట్టండి.

అందుకే గుడి పూజారిని పక్కన పెట్టి నేను కాటికాపరిని ఎంచుకుంటా. సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటి సీన్, అందులో పాడే జాషువా పద్యాలు మన ఊళ్ళల్లో తాతల కాలం నుంచి తెలుసు. రాజ్యం పోయి, కాట్లో కాపలా కాసే మనిషి. మన క్యారెక్టర్ పేరు కాటి వీరన్న అనుకుందాం. రాత్రి శవం లేస్తే ఊరంతా అతని తలుపు తడుతుంది. తెల్లారాక అదే ఊరు అతన్ని అరుగు కూడా ఎక్కనివ్వదు. చావు పనులు చేసేవాళ్ళని మన దగ్గర ఇప్పటికీ ఎలా దూరం పెడతారో మనకి తెలుసు. ఆ కోపం ఉన్నా, పిలిస్తే వెళ్తాడు. అంతకన్నా బ్యాక్‌స్టోరీ ఏం కావాలి? ఫైట్ అయ్యాక అందరూ జేబులు వెతుకుతుంటే వీరన్న శత్రువు కళ్ళ మీద కూడా నాణేలు పెడతాడు.

ఐదో లెవెల్‌లో ఇంకోటి: స్పీక్ విత్ డెడ్. శవాన్ని ఐదు ప్రశ్నలు అడగొచ్చు. దానికి నోరు మిగిలి ఉండాలి, అది దయ్యం అయిపోయి ఉండకూడదు. చందమామ బేతాళ కథల్లో శవంలోని బేతాళుడు విక్రమార్కుణ్ణి అడుగుతాడు. ఇక్కడ రివర్స్, మీరు అడుగుతారు. "ఎవరు చంపారు" ఒక్కటే కాకుండా "నీకు ఏం బాకీ ఉంది" అని అడిగి చూడండి. డీఎం ముఖం వెలిగిపోతుంది.

మూడో ఆపడం: బతికున్నవాళ్ళ కోసం

ఇక్కడ కొంచెం సీరియస్‌గా మాట్లాడాలి. దయ్యాల వేటగాడు అనే మాట గేమ్‌లో సరదాగా ఉంటుంది. బయట అలా ఉండదు. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మన తెలంగాణలోనే మనుషుల్ని కొట్టి చంపిన కేసులున్నాయి. ఎక్కువగా దొరికిపోయేది ఒంటరి ముసలివాళ్ళు, అండ లేనివాళ్ళు. కాబట్టి "ఆమె మంత్రగత్తె, పట్టుకోండి" అనే హీరోని నేను టేబుల్ మీదికి తీసుకురాను. దానికి ఎదురు నిలబడేవాడిని తెస్తా.

దీనికి పనికొచ్చే స్పెల్ డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్. పది నిమిషాల పాటు 30 అడుగుల్లో దయ్యం, పిశాచం లాంటివి ఉంటే ఎక్కడున్నాయో తెలుస్తుంది. మామూలు మనిషి మంచివాడా చెడ్డవాడా అని అది చెప్పదు. మనిషి మీద వేస్తే ఏమీ కనిపించదు. ఆ ఏమీ కనిపించకపోవడమే ఇక్కడ సాక్ష్యం. ఊరంతా ఒక ముసలమ్మ ఇంటి ముందు కర్రలు పట్టుకుని నిలబడింది. వీరన్న మధ్యలోకి వెళ్ళి, మంత్రం చదివి, "ఇక్కడ మనుషులు తప్ప ఇంకేం లేదు, ఇళ్ళకి పోండి" అంటాడు. ఒక్క డ్యామేజ్ డైస్ కూడా పడని ఈ సీన్, పది జాంబీల ఫైట్ కన్నా ఎక్కువ రోజులు గుర్తుంటుంది. ఒక జాగ్రత్త: మూడు అడుగుల మట్టి అడ్డం ఉంటే ఆ స్పెల్ పనిచేయదు. లోతుగా పాతిపెట్టింది కనపడదు, దానికి పార పట్టాల్సిందే.

టేబుల్ దగ్గర రెండు మాటలు

ఒకటి, నిజమైన దేవుళ్ళని వాడకండి. మా టేబుల్‌లో గుడికి, మసీదుకి, చర్చికి వెళ్ళేవాళ్ళు ముగ్గురూ ఉన్నారు. వీరన్న కొలిచేది మేం కల్పించుకున్న సందెదీపం తల్లిని. ఎవరికీ ఇబ్బంది లేదు, కొత్త ఆచారాలు పుట్టించే స్వేచ్ఛ మనదే.

రెండు, శవాలు, కర్మలు ఉండే కథ మొదలుపెట్టే ముందు అందర్నీ అడగండి, గ్రూప్‌లో కాకుండా విడిగా. ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు ఉండొచ్చు. "ఇది వద్దన్నా" అని ఒక్కరన్నా సరే, ఆ నెల గోబ్లిన్‌లతో ఆడుకుందాం. వీరన్నకి గోబ్లిన్‌లతో కూడా పని జరుగుతుందని ఇందాకే చూశాం కదా.

షీట్ ఇంకోసారి: హిల్ డ్వార్ఫ్, లైఫ్ డొమైన్, విజ్డమ్ 16, కాన్‌స్టిట్యూషన్ 16, స్ట్రెంగ్త్ 13, సుత్తి, డాలు, సేక్రెడ్ ఫ్లేమ్. పరికరాల లిస్ట్‌లో చివరగా మూడు రాసుకోండి: ఉప్పు పొట్లం, రెండు రాగి నాణేలు, ఒక పార. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే క్యారెక్టర్‌ని ఆరో లెవెల్ నుంచి పైకి తీసుకెళ్దాం. అప్పుడు అసలు వాంపైర్ వస్తుంది. ఉంటాను మరి.