వాడిన కారునకు పొడిగించిన వారంటీ

పూర్వము మన పల్లెలలో ఎద్దుల జతను కొనువారు పండ్లు చూచి, నడక చూచి, కాడి కట్టి ఒక సాలు దున్నించిన పిమ్మటనే బయానా ఇచ్చెడివారు. నేడు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల గ్రామస్థులు పలువురు హైదరాబాదునుండియో, బెంగుళూరునుండియో వాడిన కారును తెచ్చుకొనుచున్నారు. ఉల్లియో, ప్రత్తియో, శనగయో అమ్మిన సొమ్ము అందులో పడుచున్నది. కారుతోబాటు వర్తకుడు మరియొక కాగితమును చూపును. ఇంకను కొంత సొమ్ము కట్టినచో ఏడాదివరకు ఏ చెడుపు వచ్చినను తామే బాగుచేయింతుమని దాని సారాంశము. దీనినే పొడిగించిన వారంటీ యందురు. బండి ఆగిననాడు కొన్నవాడు ఆ కాగితమును పట్టుకొని మొదట వచ్చునది పంచాయతీ సభ్యునివద్దకే గనుక, దాని స్వరూపమును సభ్యులు ఎరిగియుండవలెను.

వారంటీ వేరు, భీమా వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మూడవ పక్షపు భీమా లేనిదే బండి రోడ్డెక్కరాదు. వారంటీ యట్లు నిర్బంధము కాదు. ప్రమాదమున దెబ్బతిన్న బండికి అది అక్కరకు రాదు. లోపలి యంత్రభాగము తనంతట చెడినప్పుడే వర్తించును.

కంపెనీ మొదట ఇచ్చిన హామీకి గడువు మిగిలియున్నచో, అది సాధారణముగ బండివెంట క్రొత్త యజమానికి సంక్రమించును. చాసిస్ నంబరు చెప్పి కంపెనీవారి సర్వీసు కేంద్రమున విచారించినచో ఈ సంగతి తెలియును. ఉన్న హామీకే మరల సొమ్ము కట్టనేల? కంపెనీలే వాడిన కార్లను పరీక్షించి హామీతో అమ్ముటయు కలదు. మారుతి సంస్థ 2001లో ట్రూ వాల్యూ పేర ఇట్టి అమ్మకములను ఆరంభించినది. ఇవిగాక వర్తకుడో, వేరొక సంస్థయో వ్రాసి యిచ్చు హామీ యొకటి. చిక్కులు హెచ్చుగా నుండునది దీనిలోనే.

ఇట్టి పత్రములలో సాధారణముగ ఇంజను, గేరుబాక్సు లోపలి భాగములు చేరియుండును. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, టైర్లు, బ్యాటరీ, రబ్బరు గొట్టములు అరిగిపోవు వస్తువులని విడిచివేయుదురు. పాత బండికి తరచు ఖర్చు తెచ్చునవి ఇవియే కదా! ఒక్క మరమ్మతునకు ఇంతకు మించి ఇయ్యమను పరిమితియు సన్న అక్షరములలో నుండవచ్చును. మీటరు వెనుకకు త్రిప్పినట్లు తేలినను, సొంత బండిగా రిజిస్టరైన దానిని బాడుగకు నడిపినట్లు తేలినను హామీ సాధారణముగ చెల్లదు.

మన సీమకు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి కలదు. రేడియేటరులో కూలెంటునకు బదులు బోరు నీరు పోయుట పలువురి వాడుక. మన బోరు నీటిలో పెక్కుచోట్ల సున్నపు పాలు హెచ్చు. అది వేడికి పొలుసుకట్టి సన్నని గొట్టములను మూసివేయును. ఇంజను కాగి హెడ్ గాస్కెట్టు చెడును. అప్పుడు మెకానిక్కు మూత విప్పి, తెల్లని పొలుసును చూచి, యజమాని అజాగ్రత్తయని వ్రాయును. బేతంచెర్ల నాపరాతి గనుల దారులలో తిరుగు బండికి గాలి ఫిల్టరు త్వరగా దుమ్ముపట్టును. దానిని మార్చిన రసీదు లేకున్నను ఇదే వాదన వచ్చును. ఎఱ్ఱదీపము వెలిగిన పిమ్మట, ఊరు దగ్గరే గదా యని నడిపిన నాలుగు కిలోమీటర్లును అట్టివే. కోసిగిలోనో, ముద్దనూరులోనో ఆగిన బండిని పట్టణపు గ్యారేజీకి లాగించు ఖర్చు ఎవరిదో ముందే అడిగి, పత్రమున వ్రాయించుకొనవలెను.

లెక్క కూడ చూడవలెను. వారంటీ వెల 14,400 రూపాయలనుకొందము. నెలకు 1,200 రూపాయల వంతున పోస్టాఫీసులో దాచినచో ఏడాదికి అంతే యగును. బండి చెడనిచో సొమ్ము మనదే. అయితే ఇంజను పూర్తిగా విప్పవలసి వచ్చినచో ఆ సొమ్ము చాలకపోవచ్చును. కావున ఖరీదైన, సంక్లిష్టమైన ఇంజను గల కారునకు, పరిమితి పెద్దదై, గ్యారేజీ దగ్గరనున్నచో వారంటీ తగును. చిన్న పాత కారునకు, నమ్మకమైన మెకానిక్కుచేత ముందుగా పరీక్ష చేయించుటకు పెట్టు ఖర్చే మేలని మా అభిప్రాయము.

వారంటీకన్న ముఖ్యమైనది యాజమాన్యపు మార్పిడి. రిజిస్ట్రేషను పాత యజమాని పేరనే యుండగా ప్రమాదము జరిగినచో, పరిహారపు బాధ్యత రిజిస్టరైన యజమానిదేయని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. కనుక మన గ్రామమున కారు అమ్మినవానికిని ఇది ప్రాణసంకటమే. కొన్నవాడు 14 దినములలో భీమాను తన పేర మార్పించుకొనవలెను. పొరుగు రాష్ట్రపు బండియైనచో అచ్చటి అధికారుల నిరభ్యంతర పత్రమును, అప్పు తీరని బండియైనచో బ్యాంకువారి పత్రమును చూడక బయానా ఇయ్యరాదు.

వ్రాసి యిచ్చిన హామీని నిలుపుకొననివారిపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. బెంగుళూరులో కొన్నను ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేయుటకు ఈ చట్టము వీలు కల్పించినది. చెల్లించిన మొత్తము 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. జీవనోపాధికై స్వయముగ నడుపుకొనుటకు కారు కొన్నవాడును వినియోగదారుడే. గడువు 2 సంవత్సరములు. ముందుగా సలహా కోరువారు 1915 నంబరునకు టెలిఫోను చేయవచ్చును. రసీదు, వారంటీ పత్రము, సర్వీసు బిల్లులు దగ్గర నుంచుకొని మాటలాడవలెను.