ముప్పది రూపాయల ఉద్యోగం

ఉపాధ్యాయవృత్తిలో కష్టమేమని అడిగినచో పలువురు జీతం సంగతి చెప్పుదురు. కొంచెం ఆలోచించి చెప్పువారి మాట వేరు. ఏటేటా అదే పాఠం, అదే పుస్తకం, అదే నల్లబల్ల. మారునది పిల్లలు మాత్రమే. నోటికి వచ్చిన పాఠం ఒకనాటికి మనసులోనుండి జారిపోవును. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారికి ఈ విసుగు ఎన్నడైనా కలిగినదో లేదో గాని, ఆయన జీవితంలో దానికి చోటు మిగిలినట్లు కనిపించదు.

శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపమున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయన బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. 1879లో మెట్రిక్యులేషను ముగించి, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతంమీద చేరినారు. ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పుట ఆయన పని.

చరిత్రపాఠం పుస్తకంలో ఉన్నది. చరిత్ర ముఖలింగంలో రాతిమీద ఉన్నది. ఆ ఆలయంలోని గాంగరాజుల శాసనాల లిపిని ఆయన స్వయంకృషితోనే నేర్చినారు. తెలియని గీత ఒకటి అక్షరమై పలికిన క్షణంలోని సంతోషం ఎట్టిదో, ఓనమాలు దిద్దిన ప్రతివానికీ ఒకప్పుడు తెలియును. పెద్దవారమైన తరువాత మరచిపోవుదుము. ఆయన మరువలేదు.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. ఇరుగుపొరుగున ఉన్నను తెలుగుతో గాని ఒరియాతో గాని దానికి పుట్టుక సంబంధం లేదు. గొంతులో గాలిని చటుక్కున ఆపి పలుకు ధ్వని అందులో ఉన్నది. మన అక్షరమాలలో దానికి గుర్తు లేదు. ఈ భాష నేర్చుమని ఆయనను ఏ అధికారీ ఆదేశించలేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని తన యింటనే ఉంచుకొని నేర్చుకొన్నారు. బడిలో గురువు, ఇంటిలో శిష్యుడు. పిమ్మట సవరభాషలో పుస్తకాలు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, అక్కడి పంతుళ్లకు జీతాలు కూడ తామే ఇచ్చినారు.

ఇంత చెప్పి, ఉపాధ్యాయునికి ఆనందమే చాలును, జీతమెందుకని వాదించువారు బయలుదేరుదురేమో! అది అన్యాయం. తన కింద పనిచేసిన పంతుళ్లను ఆయన ఆనందంతో సరిపెట్టుకొమ్మనలేదు; జీతమిచ్చినారు.

ఈ పనికి ఆయన చెల్లించిన వెల సొమ్ము మాత్రమే కాదు. అడవులలో తిరుగుటచేత మలేరియా పట్టినది. దానికి క్వినైను వాడగా వాడగా చెముడు వచ్చినది. ధ్వనులను ఆలకించుటయే వ్రతంగా పెట్టుకొన్నవానికి చెవులే పోవుట! దీనిని త్యాగమని కీర్తించి ఊరకుండుట సులభం. ఆ నష్టం ఎంతటిదో ఆయన ఒక్కరికే తెలియును. అయినను పని ఆగలేదు.

1911లో ఉద్యోగ విరమణ జరిగినది. వ్యావహారిక భాషోద్యమంలో ఆయన పట్టుదల లోకవిదితం గనుక దానిని ఇక్కడ విస్తరింపనక్కరలేదు. ఆ వాదోపవాదాల నడుమనే సవరవ్యాకరణం కూడ సాగినది. సుమారు ముప్పదియైదేండ్ల కృషి తరువాత మద్రాసు ప్రభుత్వంవారు 1931లో దానిని అచ్చువేసినారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినది. అందుకు ఇష్టపడక, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరినారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది 1938లో. ఆనాటికి ఆయనకు డెబ్బదియైదేండ్ల ప్రాయం. సవరకొండలు దూరమైనవి. అక్కడి మాట దగ్గరకు వచ్చి పలికినను వినిపించునట్టి చెవులు కావు. విన్నంతకాలం విన్న మాటలు మాత్రం వరుస తప్పక ఆ పుటలలో ఉన్నవి.